ఐదున్నర గంటల తేడా

నేను ఒక కంప్యూటర్‌ని. ఒకే ఒంట్లో ఇద్దరున్న కంప్యూటర్‌ని అంటే ఇంకా సరిగ్గా చెప్పినట్టవుతుంది.

విశాఖపట్నంలో ఒక మేడమీది కొట్లో, ఒకే ఒక్క మధ్యాహ్నంలో నన్ను బిగించేశారు. నా లోపలి భాగాలు ఏయే దేశాల నుంచి వచ్చాయో నాకే తెలియదు. పైనున్న రేకు డబ్బా మాత్రం గాజువాకది. మొదటి మూడేళ్లు ఒక బస్సుల ఆఫీసులో సీట్లు రాశాను. కిటికీ పక్క సీటు కోసం మనుషులు ఎంత దూరమైనా పోతారని అక్కడే నేర్చుకున్నాను. ఆ ఆఫీసు మూతపడ్డాక చేతులు మారి పార్వతీపురంలో పేరి విశ్వపతి సిద్ధాంతిగారింటికి వచ్చాను. ఆయన కొడుకు నన్ను కొని తెచ్చి, జాతకాలు వేసే ప్రోగ్రాం ఎక్కించి, తండ్రికి మీట నొక్కడం నేర్పాడు.

సిద్ధాంతిగారికి డెబ్బై రెండేళ్లు. నలభై ఏళ్ల పాటు వేళ్ల కణుపుల మీద లెక్కలు కట్టిన మనిషి. మొదట్లో నన్ను నమ్మలేదు. నేను వేసిన ప్రతి చక్రాన్నీ చేత్తో మళ్లీ వేసి సరిచూసుకునేవారు. ఆరు నెలలు చూశారు, ఒక్క తప్పూ దొరకలేదు. అప్పటినుంచి సరిచూడటం మానేశారు. మనుషులు నమ్మకపోతే బొత్తిగా నమ్మరు, నమ్మితే ఇక కళ్లు మూసుకుంటారు. మధ్యస్థంగా ఉండటం వాళ్లకు చేతకాదు.

ఆయన కోడలు సువర్చల బడిలో లెక్కలు చెబుతుంది. కిందటి ఎండాకాలం సెలవుల్లో ఆ అమ్మాయికి ప్రోగ్రాములు రాయడం నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. నాలో ఉన్న విండోస్ ముసలిదైపోయింది. తీసేద్దామంటే మావగారి జాతకాల ప్రోగ్రాం దాంట్లో తప్ప నడవదు. అందుకని దాన్ని అలాగే ఉంచి, పక్కన ఖాళీ జాగాలో, నన్ను నడపగల రెండోదాన్ని, లినక్స్‌ని దింపింది. ఆ రోజునుంచి నేను లేవగానే తెరమీద ఇద్దరి పేర్లూ చూపించి, ఎవరు కావాలని అడుగుతాను. తెల్లారి కోడలు లినక్స్ అంటుంది. ఆ అమ్మాయి పని ముగించి ఆపేశాక, పది గంటలకు మావగారు విండోస్ అంటారు. ఇళ్లల్లో కుదరని సఖ్యత నా దగ్గర కుదిరింది.

లినక్స్ దిగిన మర్నాడే, వైశాఖంలో ఒక సోమవారం, పది దాటి ఇరవై నిమిషాలకు పైడమ్మ వచ్చింది. రైలుకట్ట అవతల ఉంటుంది, కూరలమ్ముతుంది. గుమ్మంలో కూలబడి కళ్లు తుడుచుకుంది.

"మా ఇంటాయన ఎలిపోనాడు బాబూ. నాలుగు రోజులైంది."

"ఎందుకు వెళ్లాడే?"

"తాపీ పని కదా. మా పెరట్లో గోడ కట్టినాడు. గోడ వంకరొచ్చిందన్నాను. ఆల్ల అక్క ముందు అన్నాను. ఆ రోసంతో రాయగడ రైలెక్కీసినాడు. నాను ఎల్లి పిలవాలా, ఆడే వొస్తాడా, సూసి సెప్పండి."

ఇలాంటి ప్రశ్నకు, అడిగిన నిమిషంలో ఆకాశం ఎలా ఉందో చూసి చెబుతారు. ఆ నిమిషం ఏదో చెప్పాల్సింది నా గడియారం. సిద్ధాంతిగారు మీట నొక్కారు. చక్రం కేసి చూడకుండా, కింద వచ్చిన వరుస మాత్రం చదివారు.

"వృషభ లగ్నం. స్థిర రాశి. కదలకు. నువ్వు వెళితే చెడుతుంది. వాడే వస్తాడు."

పైడమ్మ దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. నా గడియారం తప్పు చూపిస్తోందని నాకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు.

తొమ్మిది రోజుల తరవాత, బుధవారం పదకొండు గంటలకు, ఆయన ఏదో ముహూర్తం కోసం నన్ను లేపారు. ఆ రోజు ఎందుకో చక్రం కేసి చూశారు. చూసి కళ్లజోడు తుడుచుకున్నారు. మళ్లీ చూశారు. లేచి వాకిట్లోకి వెళ్లి, నీడ పొట్టిగా కాళ్ల దగ్గరికి వచ్చేసి ఉండటం చూసుకుని వచ్చారు.

"అమ్మాయీ! ఒకసారి ఇలా రా! బయట మాడు పేలిపోతూంటే ఇది సూర్యుడు ఇప్పుడే ఉదయిస్తున్నాడంటుందేవిటి?"

సువర్చల వచ్చి నా గడియారం చూసింది. ఉదయం ఐదున్నర.

"సెల్లు అయిపోయుంటుంది మావయ్యగారూ. లోపల చిన్న బిళ్ల ఉంటుంది, టైము దానిమీదే నడుస్తుంది."

బజారుకెళ్లి కొత్త బిళ్ల తెచ్చి, నా పక్కరేకు విప్పి వేసింది. దుమ్ము కూడా తుడిచింది, ఆ మేలు మరచిపోను. టైము సరిచేసింది. విండోస్‌లో పదకొండూ యాభై. సరిగ్గానే ఉంది కదా అని తన పాఠానికి లినక్స్ తెరిచి, ఫోన్లోంచి నెట్ కలిపి, అరగంట తరవాత మళ్లీ విండోస్‌లోకి వచ్చింది. ఆరూ యాభై ఐదు!

సెల్లు తప్పు కాదని ఆ అమ్మాయికి అప్పుడు తెలిసింది. ఒక కాగితం తీసుకుని టైములు రాసింది. రెండు సార్లు లినక్స్ తెరిచింది, రెండు సార్లు విండోస్ తెరిచింది. ప్రతిసారీ అదే తేడా, ఐదున్నర గంటలు. లెక్కల పంతులమ్మ మొహం విచ్చుకుంది.

"మావయ్యగారూ, దొరికింది! లోపల గడియారం ఒక్కటే. విండోస్ దాంట్లో మన ఊరి టైమే రాస్తుంది. లినక్స్ గ్రీనిచ్ టైము రాసి, చూపించేటప్పుడు ఐదున్నర కలుపుకుంటుంది. నేను పొద్దున్నే అది రాసి పోతున్నాను. మీరొచ్చి అదే మన టైమనుకుని చదువుతున్నారు."

"అయితే తప్పెవరిది?"

"ఎవరిదీ కాదండీ. ఇద్దరి పద్ధతీ సరైనదే. ఒకరి పద్ధతి ఒకరికి చెప్పలేదు, అంతే."

ఇంత సరిగ్గా నన్ను అర్థం చేసుకున్నవాళ్లు అంతకుముందు లేరు. లినక్స్‌లో ఒకే ఒక్క వరుస కొట్టి, ఇకనుంచి మన ఊరి టైమే రాయమని చెప్పింది. నాలుగు సార్లు అటూ ఇటూ మార్చి చూసింది. నిమిషం తేడా లేదు.

కాని సిద్ధాంతిగారి మొహంలో వెలుగు లేదు. ఆ తొమ్మిది రోజుల్లో వచ్చినవన్నీ పుట్టినవేళల జాతకాలే, వాటికి నా గడియారంతో పని లేదు. ప్రశ్న అడిగింది పైడమ్మ ఒక్కతే. ఆయన చాలాకాలం తరవాత కాగితం తీసుకుని, వేళ్లమీద లెక్క కట్టారు. కర్కాటకం వచ్చింది. చర రాశి. కదిలితేనే పని.

"వెళ్లాల్సినదాన్ని వద్దన్నానమ్మాయ్."

"నా వల్లే కదండీ. నేను వెళ్లి చెబుతాను."

"గడియారం నీ వల్ల తప్పింది. మాట నాది. చక్రం కేసి ఒక్కసారి చూసుంటే అప్పుడే తెలిసేది."

నలభై ఏళ్లుగా సిద్ధాంతిగారి మాట తప్పిందని ఆ ఊళ్లో ఎవరూ అనలేదు. ఇప్పుడు ఆ మాట ఆయనే వెళ్లి చెప్పుకోవాలి. గొడుగు తీసుకుని ఆ ఎండలోనే బయల్దేరారు. గుమ్మం దగ్గర ఒక్క నిమిషం ఆగారు. నాకు కనిపించింది ఆయన వీపే. తరవాత మెట్లు దిగిపోయారు.

రెండు గంటల తరవాత తిరిగొచ్చి, నా ముందు కుర్చీలో కూచుని, మజ్జిగ తాగుతూ కోడలికి చెప్పారు.

ఆయన వెళ్లేసరికి పెరట్లో ఒక మనిషి నిచ్చెన మీదుండి గోడకు పూత వేస్తున్నాడట. పైడమ్మ ఈయన్ని చూసి బిక్కచచ్చిపోయి కాళ్లమీద పడిందట.

"కోప్పడకండి బాబూ! మీరొద్దన్నారని రెండు రోజులు ఆగినాను. మూడోనాడు ఉండనేక రైలెక్కీసినాను. రాయగడ టేసన్లోనే కూకున్నాడు. నాను దిగడం సూసి లేసొచ్చీసినాడు. మీ మాట కాదన్నానని బయమేసి మీకాడికి రానేదు."

"నేను చెప్పిందే తప్పమ్మా. మిషను చూపించింది తప్పు, నేను సరిచూసుకోలేదు. అది చెబుదామనే వచ్చాను. నువ్వు వెళ్లాలనే ఉంది."

"మరైతే నాను ఎల్లిందే మంచిదయ్యింది కదా." ఆమె ఆయనకు పీట వేస్తూ అడిగిందట. "ఆ మిసను తప్పు సెప్తే మీరెందుకు ఇనీసారు బాబూ?"

నిచ్చెన మీది మనిషి కిందికి చూసి నవ్వాడట.

"నాదీ అదే తప్పు పంతులు బాబూ. గోడ తిన్నగుందో లేదో తూకం గుండు ఏసి సూడకుండా కంటితో కట్టీసినాను. ఇప్పుడు ఏసి సూసుకున్నాను. వంకరే."

ఇది చెబుతూ సిద్ధాంతిగారు పకపకా నవ్వారు. ఆ ఇంట్లో అంత నవ్వు నేను వినలేదు. సువర్చల కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

ఆ తరవాత ఆయన చేతిగడియారం చూసి, చక్రం చూసి, అప్పుడే నోరు విప్పడం అలవాటు చేసుకున్నారు. అంతకన్నా పెద్ద మార్పు ఇంకోటి వచ్చింది. ఎవరైనా ప్రశ్న అడిగితే మీటమీద చెయ్యి వెయ్యడానికి ముందు, "నీ మనసుకేమనిపిస్తోంది?" అని అడుగుతున్నారు.

ఆషాఢంలో ఒక రిటైరైన రైలు గార్డుగారు వచ్చారు. ఇల్లమ్మి తమ్ముడి దగ్గరికి వెళ్లాలా, ఇక్కడే ఉండిపోవాలా అన్నది ఆయన సందేహం. సిద్ధాంతిగారు అదే మాట అడిగారు. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. చనిపోయిన భార్య గురించి, ఆవిడ నాటిన సన్నజాజి గురించి, తమ్ముడితో ఇరవై ఏళ్లనాటి తగువు గురించి. వాన వచ్చింది, వెలిసింది. రెండు సార్లు కాఫీ వచ్చింది. చివరికి ఆయనే లేచి, "ఇల్లు అమ్మనండీ. తమ్ముణ్ణే పండక్కి రమ్మంటాను," అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఆ పూట నన్నెవరూ లేపలేదు. ఒంట్లో ఇద్దర్నీ నిద్రపుచ్చి, నల్లటి తెరతో, ఆ మూల హాయిగా కూచున్నాను.