రేవులో వదిలిన తాడు

కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటుండేది కానీ, ఇంటిల్లిపాదీ ఆమెను పిలిచింది మాత్రం మొండి అనే. ఉయ్యాలలో ఉన్నప్పుడే పాలగిన్నె తానే పట్టుకుంటానని ఇల్లు పీకి పందిరేసిందట. నలభై దాటినా ఆ బుద్ధి పోలేదు. పోకపోగా, ఒక్కతే తెరచాప పడవ వేసుకుని, ఉత్తరాన సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండకొమ్ము చుట్టి వస్తానని బయలుదేరింది.

ఊసుపోక బయలుదేరలేదు. ఆ పడవ వాళ్ల నాన్న తన చేతులతో చేసింది. ఆయన పోయాక అన్న దాన్ని అమ్మేద్దామన్నాడు.

"నడిపే మగాడు లేడు. ఒడ్డున పడేసి చెదలకు పెడతామా?"

"నేను నడుపుతానన్నయ్యా."

"ఒడ్డు పక్కన షికారు కాదే తల్లీ. ఆ కొండకొమ్ము చుట్టి రా. ఒక్కదానివే. దారిలో ఇంకొకరి చెయ్యి పడవ మీద పడకూడదు. అలా వస్తే పడవ నీది, నా మీసంలో సగం కూడా నీదే."

ఆ మీసం అంటే అన్నకు ప్రాణం. అంటే ఆమె తిరిగి వస్తుందని కలలో కూడా అనుకోలేదన్నమాట. మొండికి కోపం అక్కడ వచ్చింది.

కొండకొమ్ము కనుచూపు మేరలోకి వచ్చిందో లేదో, గాలివాన పట్టుకుంది. పెద్ద తెరచాప నిలువునా చిరిగింది. మిగిలిన చిన్న చాపతో ఈడ్చుకుంటూ, వేళ్లు కొయ్యబారిపోయి, కళ్లు మూతలు పడుతుంటే, ఒక మధ్యాహ్నం ముక్కూమొహం తెలియని చేపల రేవులోకి వచ్చి పడింది.

రేవు రద్దీగా ఉంది. ఐసు కొట్టే మిషను గరగరమంటోంది. తడి పెట్టెల మీద పెట్టెలు పేర్చి ఉన్నాయి. నీళ్లు నిండుగా ఉండి, పడవ అంచూ రాతిగోడ అంచూ దాదాపు సమానంగా ఉన్నాయి. గోడకు బిగించిన ఇనుప నిచ్చెన రెండు మెట్లు మాత్రం పైకి కనబడుతూ, మిగతాదంతా నీళ్లలోకి దిగిపోయి ఉంది. అది చూసైనా ఆమెకు అనుమానం రావలసింది. నిద్రమత్తులో రాలేదు.

రబ్బరు బూట్లు వేసుకున్న భారీ మనిషి ఒకడు, ఐసు మిషను ఆపేసి, పరుగున వచ్చి చెయ్యి చాచాడు. రేవులో అందరికీ ఆయన ఐసు మామ.

"తాడు ఇటు విసురమ్మా."

"వద్దు మామా, నేనే కట్టుకుంటాను."

తాడు భుజాన వేసుకుని గోడ మీదికి దూకింది. ముందొకటి, వెనకొకటి, నాన్న నేర్పినట్టే పొట్టిగా బిర్రుగా కట్టింది. వాళ్ల ఊళ్లో సముద్రం పెరిగినా తగ్గినా మూరెడే. తాడు పొట్టిగా ఉంటేనే పడవ కుదురుగా ఉంటుంది.

"తాళ్లు కాస్త..." అని ఐసు మామ నోరు తెరిచాడు.

"నా తాళ్ల సంగతి నాకు తెలుసు మామా."

ఆయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఈలోపు వలలు బాగుచేసే పెద్దమ్మ శాలువా చుట్టుకుంటూ వచ్చింది. ముడతల మొహం, చేతిలో ఇంకా వల సూది. మొండి వాళ్లిద్దరికీ అన్న పెట్టిన పందెం చెప్పి, పడవను మాత్రం ఎవరూ ముట్టుకోవద్దని బతిమాలింది.

"ముట్టుకోంలే" అంది పెద్దమ్మ. "మరి నిన్ను ముట్టుకోవచ్చా, దానికీ మీ అన్నను అడగాలా?"

అని జవాబు కోసం ఆగకుండా, ఆమె చెయ్యి పట్టుకుని వలల గదికి లాక్కుపోయింది. గది నిండా వలలు దూలాలకు వేలాడుతున్నాయి. మూల ఇనుప పొయ్యి ఎర్రగా కాలుతోంది. పెద్దమ్మ గోరువెచ్చటి నీళ్లలో ఆమె చేతులు ముంచింది. అల్లుడి ఉన్ని మేజోళ్లు తొడిగింది. "ఉతికినవేలే, ముక్కు మూసుకోకు" అంది. వేడి టీ, రొట్టె చేతికిచ్చింది. ఎన్నాళ్లుగానో ఎవరూ తినమని అనలేదేమో, మొండి రొట్టె ముక్క కూడా మిగల్చలేదు. టీ పూర్తికాకముందే వలల కుప్ప మీద ఒరిగి నిద్రపోయింది.

ఆమెను లేపింది ఐసు మామ గొంతు. "లేమ్మా, నీ పడవ గాలిలో వేలాడుతోంది."

మేజోళ్ల కాళ్లతోనే పరిగెత్తింది. పొద్దు ఇంకా వాలలేదు కానీ, ఆటుతో రేవులో నీళ్లు ఎక్కడికో దిగిపోయాయి. నిచ్చెన అంతా బయటపడింది. పడవ సగం బరువు ఆ రెండు పొట్టి తాళ్ల మీదే ఉంది. ఒక పక్కకు ఒరిగి గోడకు రాసుకుంటోంది. పడవ మీద తాళ్లు కట్టిన కొయ్యలు కిర్రుమంటున్నాయి. నీళ్లు ఇంకా దిగుతున్నాయి. ఇంకాసేపైతే కొయ్యలతో పాటు పడవ పైపలకలు కూడా ఊడివస్తాయి.

గోడ పొడుగునా రేవు జనమంతా నిలబడి ఉన్నారు. అందరూ చేతులు వెనక్కి కట్టుకున్నారు. ఒక్కరు ముట్టుకుంటే ఒట్టు.

ఆమె ముడి దగ్గర కూలబడి లాగింది. బరువుకు ముడి రాయిలా బిగిసిపోయింది. నడుముకున్న కత్తి తీసింది.

"కోస్తే పడవ ఒక్కసారిగా కిందపడి తిరగబడుతుంది" అన్నాడు ఐసు మామ. ఆపలేదు, చెప్పాడంతే.

కత్తి ఆగింది. మొండి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంతమందిలో ఒక్క మాటంటే చాలు, పదిమంది మీద పడి పడవను కాపాడతారు. అప్పుడు పడవ నిలుస్తుంది, అన్నకు పోతుంది. అనకపోతే నాన్న పలకలు కళ్లముందే విరుగుతాయి.

పెద్దమ్మ పక్కనే గొంతుక్కూర్చుంది.

"మీ అన్న చేతులు పడకూడదన్నాడు. చెవులు మూసుకోమని కూడా అన్నాడా?"

మొండి తలెత్తి ఐసు మామను చూసింది. ఇందాక ఆయన నోట్లోనే ఆగిపోయిన మాట గుర్తొచ్చింది.

"మామా, చేతులు నావే. ఏం చెయ్యాలో చెప్పు."

ఇక చూడండి. అప్పటిదాకా బిగబట్టుకున్న నోళ్లన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. నలుగురు నాలుగు రకాలుగా చెప్పబోతే పెద్దమ్మ వల సూది చూపించి అందరినీ కూర్చోబెట్టింది. "ఒక్కరే చెప్పండి. పిల్లకు ఉన్నవి రెండు చెవులే."

"కొత్త తాడు తియ్యి" అన్నాడు ఐసు మామ. "పడవ ముందు కొయ్యకు కట్టు. పైన గోడ కడియంలోంచి దూర్చి, వెనక్కి తెచ్చి నీ తెరచాప బిగించే చర్ఖీకి చుట్టు. ఇప్పుడు తిప్పు. బరువు కొత్త తాడు మీదికి రానీ. పాతది దానంతటదే వదులవుతుంది."

చెప్పడం తేలికే. జారే నిచ్చెన దిగి, ఏటవాలు పలకల మీద పాక్కుంటూ ఆమె తాడు కట్టింది. మళ్లీ ఎక్కి కడియంలో దూర్చింది. మళ్లీ దిగింది. చర్ఖీ తిప్పుతుంటే అరచేతుల పాత పుళ్లు పగిలాయి. పైనుంచి ఒకావిడ "అయ్యో నా చేతులు దురదపెడుతున్నాయే" అంటే, "జేబులో పెట్టుకో" అన్నారు పక్కవాళ్లు. పాత ముడి పట్టు సడలగానే పైకెక్కి విప్పేసింది. వెనక తాడుకూ రెండో చర్ఖీతో అలాగే చేసింది.

"ఇప్పుడు కొత్త తాళ్లు వదులు. ముందు జానెడు, వెనక జానెడు. తొందరపడకు."

ముందుకు పాకి జానెడు, వెనక్కి పాకి జానెడు. ఎన్నిసార్లు తిరిగిందో ఆమెకే తెలియదు. చివరికి పడవ నిట్టూర్చినట్టు నీళ్లలో కుదురుకుని నిటారుగా నిలబడింది. అప్పటిగ్గానీ గోడ మీద చేతులు ముందుకు రాలేదు. వచ్చాక చప్పట్లు ఆగలేదు.

"తాళ్లు పొడుగ్గా ఉంచమని చెబుదామనే ఇందాక..." అన్నాడు ఐసు మామ.

"చెప్పనివ్వలేదుగా మామా. నాదే తప్పు."

తర్వాతి రోజుల్లో చిరిగిన చాపను ఆమె వలల గది నేల మీద పరిచి కుట్టుకుంది. సూది ఆమెది, నోరు పెద్దమ్మది. "ఆ కుట్టు చూస్తే గాలి నవ్వుతుంది, విప్పు" అంటే మారుమాటాడకుండా విప్పింది. చాప సిద్ధమయ్యాక, గాలి అనుకూలంగా తిరిగిన ఉదయం, ఉత్తరానికి సాగిపోయింది.

కొండకొమ్ము చుట్టి తిరిగి వచ్చేటప్పుడు దారిలో అదే రేవు. నీళ్లు నిండుగా ఉన్నాయి. ఐసు మామ గోడ మీద చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. పెద్దమ్మ అల్లుడి ఉన్ని మేజోళ్లు చేత పట్టుకుని వచ్చింది.

"మీసం గీయడానికి కత్తి పదును పెట్టుకున్నావా?" అంది.

మొండి నవ్వుతూ గోడ మీదికి దూకింది. తాడు కడియంలో దూర్చి, ముడి వేయబోతూ ఆగింది.

"ఎంత వదలమంటావు మామా?"

ఆయన కిందికి నీళ్లకేసి చూశాడు.

"ఇంకొంచెం" అన్నాడు.

ఆమె ఇంకొంచెం వదిలింది.