ఏటవాలు మంచు

“ఫ్రిజ్ తలుపు మళ్లీ సరిగ్గా వెయ్యలేదు నువ్వు. పాలు విరిగిపోయాయి చూడు,” అన్నాడు భర్త.

రాత్రి నీళ్ల సీసా తీసుకుని తలుపు వారగా వదిలేసింది ఆయనే. ఆమె కళ్లారా చూసింది, వంటిల్లు సర్దే హడావుడిలో దాన్ని వెయ్యడం మరిచిపోయింది. అయినా “నాదే పొరపాటు లెండి” అనేసి గిన్నె తోమడానికి పట్టుకెళ్లింది. పదకొండేళ్లుగా ఆమె నోట్లో నలిగిన మాట అది. కూరలో ఉప్పెక్కువైనా, ఆయన తాళంచెవులు కనబడకపోయినా, అత్తగారికి మోకాలు నొప్పెట్టినా ఆ ఒక్క మాటే మందు. అనేస్తే గొడవుండదు. గొడవ లేకపోతే బస్సు అందుతుంది, వేళకి ల్యాబ్‌కి చేరుతుంది.

ల్యాబ్‌లో మాత్రం ఆమె చేతికి తిరుగులేదు. ఆమె పని కుక్కల ఇంటర్‌ఫెరాన్. వైరస్ సోకినప్పుడు ఒంట్లో కణాలు “జాగ్రత్త!” అని ఒకదానికొకటి కబురంపుకునే ప్రోటీన్ అది. కుక్క జన్యువును బ్యాక్టీరియాలో పెట్టి, దానిచేత ఆ ప్రోటీన్ చేయించి, చెత్తంతా వేరుచేసి, చివరికి మిగిలిన చుక్కలను చిన్న చిన్న ట్యూబుల్లో పోసి గడ్డకట్టించాలి. నాలుగు నెలల చాకిరీ. బయట కరిగి మళ్లీ గడ్డకట్టిందా, ఇక అంతే సంగతులు. ప్రతి ట్యూబునూ ఆమె నిటారుగా నిలబెట్టే గడ్డకట్టిస్తుంది. “కుక్కల మందుకి ఇంత చదువెందుకే?” అంటారు అత్తగారు.

ఆ పొద్దున, ప్రోటీన్ పనిచేస్తుందో లేదో పరీక్షకి పెట్టిన కణాలను మైక్రోస్కోపు కింద చూస్తే ప్రాణం ఉసూరుమంది. ప్రోటీన్ కాపాడాల్సిన కుక్క కణాలన్నీ వైరస్‌కి చచ్చిపోయి తేలుతున్నాయి.

డైరెక్టరు పిలిచాడు. “ఫ్రీజర్ తలుపు వెయ్యకుండా వెళ్లిపోయినట్టున్నావమ్మా. ఆడవాళ్లకి ధ్యాసంతా ఇంటి మీదే, నాకు తెలీదా? ఈ కాగితం మీద సంతకం పెట్టు. నీ ఉద్యోగానికి ఢోకా లేకుండా నే చూసుకుంటా.”

‘నా అజాగ్రత్త వల్ల’ అని మొదలైంది కాగితం. నాదే పొరపాటు అన్న మాట నోటి చివరిదాకా వచ్చేసింది. పెన్ను కూడా తీసింది. కానీ ఫ్రీజర్ తలుపు వేసినట్టే గుర్తు. “ఒక్కసారి ట్యూబులు చూసొస్తాను సార్” అని లేచింది.

ఫ్రీజర్ లోంచి పెట్టె తీసి, ఒక ట్యూబు వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. లోపలి మంచు అడుగున సమంగా లేదు, ఒక పక్కకి ఏటవాలుగా ఉంది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. తలుపు తెరుచుకుని కరిగితే నిలబడే కరగాలి, నిలబడే గడ్డకట్టాలి. ఇవి పడుకుని గడ్డకట్టాయి.

అప్పుడు గుర్తొచ్చింది. అత్తగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి సెలవు పెట్టి, మర్నాడు వచ్చి చూస్తే, ఈ పెట్టె ఫ్రీజర్‌లో పక్కకి పడేసి ఉంది. ఇంట్లో ఎవరో విడిచిన చెప్పులు సర్దినట్టు, నోరెత్తకుండా తనే నిలబెట్టింది. ఎవరు తీశారని అడగనైనా లేదు!

ఎవరు తీశారో వరండాలో బోర్డు మీదే ఉంది. సందర్శకుల నడుమ డైరెక్టరు చిరునవ్వు, ముందు బల్ల మీద తెల్లకాగితం, దాని మీద వరసగా పడుకోబెట్టిన ఆమె ట్యూబులు. ఫొటో కింద తేదీ ఆమె సెలవు రోజుదే.

ఒళ్లు మండిపోయింది. భర్తకు ఫోన్ చేసింది.

“పెట్టేయ్ సంతకం. పెద్దవాళ్లతో మనకెందుకు? ఇంట్లో ఎన్నిసార్లు సారీ చెప్పవు?” అన్నాడాయన.

ఫోన్ పెట్టేసింది. తర్వాత ట్యూబులన్నిటికీ ఫొటోలు తీసి, ల్యాబ్ నోట్‌బుక్కులో గుండ్రటి అక్షరాలతో రాసింది: ‘బయటికి తీసి పడుకోబెట్టగా కరిగినవి. అడ్డంగా తిరిగి గడ్డకట్టినవి. ఆ రోజు నేను సెలవులో ఉన్నాను.’ కింద సంతకం పెట్టింది. డైరెక్టరు కాగితాన్ని సంతకం లేకుండానే తిరిగి ఇచ్చింది.

ఆయన నోట్‌బుక్కు చదివి, “నీతో పని వచ్చే నెలదాకా ఉంటుందో లేదో మరి,” అన్నాడు.

“మీ ఇష్టం సార్,” అంది.

సాయంత్రం భర్త తలుపు తీస్తూనే “పెట్టేశావా?” అన్నాడు.

“లేదండీ. ఉద్యోగం పోతుందేమో.” చెప్పులు విప్పి పక్కన పెట్టింది. వంటింటి వైపు వెళ్లబోయి ఆగి, వెనక్కి తిరిగింది. “ఇంకో మాట. పొద్దున పాలు విరిగింది నా వల్ల కాదు. ఫ్రిజ్ తలుపు వదిలేసింది మీరు.”