పక్కకు జారని రోబో

...‘మా అందరిదీ సార్’ అంటే అబద్ధం కాదు కదా. టీమ్ లీడర్‌ని నేనే. ఈ చక్రాల ఏర్పాటు ఎవరి ఆలోచనని రోబో పోటీ జడ్జి అడిగింది కూడా నన్నే. నేను ఏ పేరు చెబితే డిజైన్ బహుమతి ఆ పేరుకే. మానస నా వెనక రోబో గొలుసుకు నూనె వేస్తోంది, వినలేదు.

మా రోబో చక్రాల అంచు చుట్టూ చిన్న రోలర్లుంటాయి. అందుకే అది ముందుకే కాదు, పక్కకూ వెళ్తుంది. ఆ సులువే దాని లోపం. ఎదుటి రోబో పక్కనుంచి తోస్తే జారిపోయేది. గద్వాల దగ్గర మా చేలో ఎడ్లు లాగే గుంటుక లోతుగా దిగకపోతే నాన్న దానిమీద రాయి పెడతాడు. నేనూ అదే చేశాను, నాలుగు కిలోల ఇనుప పలకతో. అయినా జారింది.

వనపర్తి కాలేజీ వర్క్‌షాపులో అందరూ పరేషాన్. నాకన్నా ఏడాది చిన్నది, లింగాల నుంచి వచ్చిన మానస మాత్రం నవ్వింది.

"భాను అన్నా, ఇంకో బండ పెడ్తవా? నువ్వు గూడ ఎక్కి కూసో."

"నవ్వుడు కాదు. తెలిస్తే చెప్పు."

"ఎంత బరువేస్తే ఏంది? రోలర్లు తిరుగుతనే ఉంటయి. జారొద్దంటే వాటిని నేలకు తగలకుండ పైకి లేపాలె."

మూడు వారాల్లో చేసి చూపించింది. ఊగుడుబల్ల లాంటి పట్టీకి ఒక కొసన రోలర్ల చక్రం, ఇంకో కొసన రబ్బరు చక్రం. గాలి సిలిండర్ తోస్తే రబ్బరుది దిగుతుంది, రోలర్లది లేస్తుంది. ఒకే మోటారు రెండింటినీ తిప్పుతుంది. లేచిన చక్రం కింద ప్రతిసారీ కాగితం దూర్చి చూసేది. కాగితం ఏ మాత్రం పట్టినా పట్టీ మొత్తం విప్పేది. విసుగన్నది లేదు. ఆ వేళ్ళను చూస్తూ నాలో అసూయను వెతికాను. ఉంది. కానీ దాని అడుగున, ఒప్పుకోవడానికి సిగ్గేసే గౌరవం ఉంది.

ఈ పొద్దున నాగర్‌కర్నూల్ మైదానంలో ఎదుటి రోబో మూడుసార్లు గుద్దింది. అప్పటికే రబ్బరు చక్రాలు దించాం. మాది వెంట్రుకంత కదల్లేదు. అందరూ అరిచారు. నేను మాత్రం ఆమె ముఖమే చూశాను. సంతోషం కన్నా ముందు, లెక్క సరిపోయినవాళ్ళ ప్రశాంతత కనిపించింది అక్కడ.

‘అందరిదీ’ అన్నా ఆమె ఏమీ అనదు. అదే నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు.

"చెప్పు బాబూ," అన్నారు జడ్జి.

నేను వెనక్కి తిరిగి ఆమె చేతిలోని నూనె డబ్బా అందుకున్నాను.

"మానసా, జర ముందుకు రా. సార్ నిన్నే అడుగుతుండు."