ఇంద్రసేన బంద్ పెట్టిన పొగ

ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని, కడుక్కున్న చెయ్యి ఆరకముందే ఇంద్రసేన స్కూటర్ తీస్తాడు. నారాయణగూడలో అతనికి కళ్లద్దాల దుకాణం ఉంది. ఆదివారం దానికి సెలవు. అతను పోయేది అశోక్ నగర్‌కు. అక్కడ మూతపడిన ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తు హాల్లో, బల్లల మీద బొమ్మ రైళ్ల పట్టాలు పరిచి ఉంటాయి. బొమ్మ రైళ్లంటే పిల్లలవనుకునేరు. పిల్లలు ముట్టుకుంటే పెద్దవాళ్లు కయ్యిమనే రైళ్లవి. ఒక్కో ఇంజన్ కడుపులో గోరంత సర్క్యూట్ ఉంటుంది, దాన్ని డీకోడర్ అంటారు. చేతిలో కంట్రోలర్ మీట నొక్కితే పట్టాల గుండా మాట పోతుంది. ఏ నంబరు ఇంజన్‌ను పిలిస్తే అదే కదులుతుంది, కూత వేస్తుంది.

ఆవిరి ఇంజన్లయితే పొగ కూడా వదులుతాయి. పొగగొట్టంలో బుల్లి హీటరు, దాని కింద ఇంకా బుల్లి ఫ్యాను. డ్రాపరుతో నాలుగు చుక్కల నూనె పోస్తే చక్రాలకు తగ్గట్టు భుస్సు భుస్సుమని వదులుతుంది. నూనె అయిపోయాక కూడా వేడి చేస్తే హీటరు మాడి చస్తుంది.

ఆ పొగ, ఇంజన్ గలవాళ్ల మనసులో ఎవరుంటే వాళ్ల దగ్గరికి పోతుంది. హాలుకు వచ్చే బాలప్ప పొగ అంబర్‌పేటలో కూతురి వంటింట్లోకి పోతుంది. ఆ అమ్మాయి ఫోన్ చేసి "నాయినా, వచ్చింది, పొయ్యి కాడ నిలవడ్డది" అని చెబుతుంది. చౌరస్తాలో ఆటోవాళ్లు పొగ అడ్డమొస్తే బ్రేకేసి పోనిస్తారు. జిరాక్స్ కట్టలు మోసుకుంటూ పోయే పరీక్షల పిల్లలు పక్కకు జరిగి దారిస్తారు.

హాల్లో ప్రోగ్రామింగ్‌కు, అంటే ఏ మీటకు ఏది జరగాలో డీకోడర్‌లో రాయడానికి, మొనగాడు ఇంద్రసేనే. అందరి ఇంజన్లకూ పొగ యూనిట్లు అతనే బిగించాడు. దక్షిణామూర్తి ఇంజన్‌కు కూడా. తన చేత్తో బిగించి ఇచ్చిన ఆ పొగను చూసి అందరూ నోరు తెరుచుకుని నిలబడుతుంటే అతని కడుపు భగ్గుమనేది.

దక్షిణామూర్తి రిటైరైన లెక్చరర్. చిక్కడపల్లిలో లైబ్రరీ వెనక సందులో ఒక్కడే ఉంటాడు. భార్య బాలత్రిపురసుందరి పోయింది. ఆయన పొగ ఎటూ తిరగదు, కిటికీ దాటి నిలువునా ఆకాశంలోకి పోతుంది. అప్పుడు హాల్లో అందరూ పని ఆపి కిటికీ దగ్గర చేరతారు. "చచ్చిపోయిన పెళ్లాం కూడా ఈయనకే కలిసొచ్చింది" అని పళ్లు నూరుకునేవాడు ఇంద్రసేన. అనుకోకూడని మాటే, అయినా అనుకునేవాడు. ఆయన చొక్కా మీద ఇస్త్రీ మడత చూసినా మంటే. అద్దాలు తన దగ్గర కాకుండా ఆబిడ్స్‌లో చేయించుకున్నాడని ఇంకో మంట.

ఇక తన పొగ సంగతి. మొదట్లో ఒకసారి, హాల్లో ఎవరూ లేనప్పుడు నడిపి చూశాడు. ఇంటికి, భార్య అరుంధతి దగ్గరికి పోతుందనుకున్నాడు. అది మెట్లు దిగి చిక్కడపల్లి వైపు తిరిగింది. ఎవరి కోసమో అతనికి వెంటనే తెలిసిపోయింది. గబుక్కున మీట నొక్కి ఆపేశాడు. ఆ రోజే, ఏ మీట నొక్కినా పొగ రాకుండా డీకోడర్‌లో రాసిపెట్టాడు. కానీ అనుమానం రాకుండా వారం వారం అందరి ముందూ నూనె మాత్రం పోసేవాడు. "హీటర్‌కు రెస్ట్ ఇస్తున్న" అనేవాడు.

"మీ పొగ ఒక్కనాడన్న మనింటికి రాదేంది?" అని అరుంధతి అడిగేది.

"చైనా మాల్, నమ్మొద్దు" అని దాటేసేవాడు. ఆ పొగ గుట్టు బయటపడిన నాడు ఇటు ఇంట్లో, అటు హాల్లో తలెత్తుకోలేడు.

ఆ ఆదివారం సాయంత్రం బయటి జనానికి రైళ్లు చూపించే రోజు. "ముంగట దక్షిణామూర్తి సార్ ఇంజనే తిప్పుదాం. తర్వాత మనయి" అన్నాడు బాలప్ప. అందరూ చాయ్‌కి దిగారు. దక్షిణామూర్తి మాత్రం "ఇంటికి పోయొస్త, జర పనుంది" అని వెళ్లాడు. వైర్లు చూడాలని చెప్పి ఇంద్రసేన ఉండిపోయాడు.

చేయదలచుకున్నది చిన్న పనే. దక్షిణామూర్తి ఇంజన్‌లో పొగ మీటతో పని లేకుండా, కరెంటు రాగానే మొదలై ఆగకుండా వచ్చేట్టు రాయడం. అందరూ వచ్చేలోపు నూనె అయిపోతుంది, హీటరు మాడిపోతుంది. ఎవరిని అడిగినా "పాత హీటరు" అంటారు.

అలా రాసేటప్పుడు ఇంజన్‌ను విడిగా ఉన్న చిన్న పట్టా మీద పెట్టాలి. లేకపోతే పట్టాల మీదున్న ఇంజన్లన్నింటిలోనూ అదే రాసుకుపోతుంది. ఈ సంగతి కొత్తవాళ్లకు మొదటి రోజే చెప్పేది ఇంద్రసేనే. కానీ నిండా నూనె పోసిన ఇంజన్‌ను ఎత్తితే ఒలుకుతుంది, మరక కనబడుతుంది. పైగా మెట్ల మీద ఎవరో వస్తున్నట్టనిపించింది. పెద్ద పట్టాల మీదే రాసేసి కరెంటు వదిలాడు.

దక్షిణామూర్తి ఇంజన్ పొగ నిలువునా లేచింది. మిగతావాళ్ల ఇంజన్లు ఇంకా పెట్టెల్లోనే ఉన్నాయి గానీ, దాని వెనకే ఆగి ఉన్న ఇంద్రసేన ఇంజన్ కూడా భుస్సుమంది. మీటలన్నీ నొక్కాడు. ఆగలేదు. చేసిన పొరపాటు తలకెక్కి కరెంటు పీకేసరికి, అతని పొగ గుమ్మం దాటి మెట్లు దిగుతోంది.

ఇంద్రసేన దాని వెంట పడ్డాడు. న్యూస్‌పేపర్‌తో విసిరి చెదరగొట్టబోయాడు, చేతులు అడ్డం పెట్టాడు. చాయ్ బండి దగ్గర హాలు వాళ్లంతా చూస్తున్నారు. "అన్నా, లైబ్రరీ దిక్కు మళ్లింది" అని ఒక పిల్లవాడు సాయం చేస్తున్నట్టు అరిచాడు. బాలప్ప చాయ్ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇంద్రసేనకు ఆ క్షణాన భూమి చీలితే బాగుండనిపించింది.

అతను రొప్పుతూ సందులోకి చేరేసరికి దక్షిణామూర్తి తలుపు తెరిచే ఉంది. ఆయన ముందు గదిలో కుర్చీలో వాలి ఉన్నాడు. పొగ ఆయన మెడ చుట్టూ మెత్తగా చుట్టుకుని ఉంది. వాకిట్లో బట్టలు ఇస్త్రీ చేసే కురుమమ్మ నవ్వింది. "సారుకు గూడ పొగ వచ్చింది సూడు!"

దక్షిణామూర్తి కళ్లు తెరిచాడు. "నీదా, ఇంద్రసేనా?"

ఇంద్రసేన తల ఊపాడు.

"సుందరి పోయినంక నాకోసం ఎవ్వరి పొగ రాలే" అన్నాడాయన. "నా పొగనేమో పైకే పోతది. నేను గూడ దాని ఎనకనే పోత గదా అనుకున్న. గుండె గోళీలు బంద్ పెట్టిన. ఇయ్యాల ఛాతీల బరువనిపిస్తే ఎవరికి చెప్పకుండ ఇంటికొచ్చిన."

టీవీ మీద గోళీల పొట్లం ఉంది. దాని మీద దుమ్ము పేరుకుంది. ఇంద్రసేన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఈ మనిషి ఓడిపోవాలని కోరుకున్నాడు గానీ, లేకుండా పోవాలని ఎప్పుడూ కోరుకోలేదు.

"సార్, మీరనుకునేది కాదు" అన్నాడు. "అభిమానం కాదు సార్. కుళ్లు. మీరంటే కడుపు మంట. ఇప్పుడే మీ హీటరు కాల్చెయ్యాలని చూసిన. అందుకే వచ్చిందీ పొగ."

ఆయనకు కోపం వస్తుందనుకున్నాడు ఇంద్రసేన. దక్షిణామూర్తి తన మెడ దగ్గరి పొగను చేత్తో సర్దుకున్నాడు.

"పొగకు గా ఫరక్ తెల్వదు" అన్నాడు. "పొద్దంత నన్ను మనసుల వెట్టుకున్నవ్ గదా. గింత గనం కుళ్లుకునేటోడు నాకు ఇంకొకడు యాడ దొరుకుతడు?"

"గోళీ మింగండి సార్. దవాఖానకు పోదాం."

"రేపు గూడ పంపిస్తవా?"

"పంపిస్త."

కురుమమ్మ గ్లాసుతో నీళ్లు తెచ్చింది. ఆయన గోళీ మింగాడు. తర్వాత ఆటోలో దవాఖానకు పోయారు. డాక్టరు చూసి, సమయానికి తెచ్చారని అన్నాడు. ఆ సాయంత్రం హాల్లో దక్షిణామూర్తి ఇంజన్‌ను బాలప్ప తిప్పాడు. జనం ఈలలు వేసి చప్పట్లు కొట్టారట. ఇంద్రసేన ఇంజన్ సంగతి ఎవరూ అడగలేదట.

ఇప్పుడు దుకాణం కౌంటర్ మీద మూరెడు పట్టా ఉంది. షట్టర్ దించే ముందు ఇంద్రసేన ఇంజన్‌ను అటూ ఇటూ నడుపుతాడు. పొగ ఫ్లైఓవర్ కింది నుంచి చిక్కడపల్లి వైపు పోతుంది. అది చేరాకే దక్షిణామూర్తి గోళీ వేసుకుంటాడు. అరుంధతి మొదట్లో మూతి ముడిచింది గానీ, సంగతి తెలిశాక "ఇయ్యాల పంపినవా?" అని తనే గుర్తు చేస్తోంది.

ఒక్కోనాడు పొగ పలచగా వస్తుంది. ఆయన మీద కుళ్లు తగ్గిపోతున్నదని ఇంద్రసేనకు భయం పట్టుకుంటుంది. అప్పుడతను కౌంటర్ మీద మోచేతులు ఆనించి, కళ్లు మూసుకుని, ఆ సాయంత్రం తాను వినని ఆ చప్పట్లను పట్టుబట్టి తలుచుకుంటాడు. కడుపు మళ్లీ భగ్గుమనేదాకా తలుచుకుంటూనే ఉంటాడు.