డాక్టరమ్మకు పంపిన సీసా

భాగీరథి సీసాను వేడినీళ్లతో మూడోసారి కడుగుతుంటే వెనక నుంచి అత్త చెన్నమ్మ అంది: "గంతగనం తోముతున్నవు, అత్తరు నింపుతవా ఏంది?"

అది ఎనభై నాలుగో సంవత్సరం. మామ మహాదేవప్పకు మూత్రాశయంలో గడ్డ తీసి ఏడాదయింది. బస్సు కుదుపులకు ఆయన తట్టుకోలేడు. అందుకని మూడు నెలలకోసారి ఆయన పొద్దుటి మూత్రాన్ని మంచుముక్కల మధ్య పెట్టి హైదరాబాదు దవాఖానకు చేర్చాలి. "ఉచ్చ సీసా పట్టుకొని నేను బస్సెక్కాల్నా?" అన్నాడు భర్త జగన్‌మోహన్. భాగీరథే ఎక్కింది. ఆ ప్రయాణాలు ఆమెకు ఇప్పటికీ తీపిగానే గుర్తొస్తాయి. కిటికీ పక్క సీటు, సదాశివపేటలో ఉడకబెట్టిన పల్లీలు, మూడు గంటలపాటు ఏ గదిలోంచీ ఎవరూ తనను కేకెయ్యకపోవడం. మామ బస్టాండు దాకా వచ్చి, "జర పైలం బిడ్డా" అనేవాడు. ఆ ఇంట్లో ఆమెను అలా పిలిచింది ఆయనొక్కడే.

డాక్టరమ్మ ఒకసారి ఆమెను కూర్చోబెట్టి చెప్పింది. కణాల్లో క్రోమోజోములు లెక్క తప్పితే జబ్బు తిరగబెట్టే రకమట. సరిగ్గా ఉంటే ఆశ పెట్టుకోవచ్చట. కణాల్లో మామ రాత చూస్తారని భాగీరథి ఇంట్లో చెప్పింది.

ఈసారి సీసా ఇచ్చి వచ్చిన వారానికి ఉత్తరం వచ్చింది. సీసాలోవి ఆడమనిషి కణాలట.

"తొవ్వల ఒలకబోసుకొని నీది నింపినవు గదా?" జగన్‌మోహన్ అరిచాడు. "నవ్వులపాలు చేసినవు. ఇగ పంపేది లేదు. నాయినకు మంచిగనే ఉంది."

చెన్నమ్మ ఆమెను వంటింట్లోకి లాగింది. "నేనే మార్చిన. ఉచ్చల ఆయన రాత చూస్తరంటివి గద. నాకు ఏ రోగం లేదు, నావి చూసి మంచి రాత రాస్తరనుకున్న. నీ కాళ్లు మొక్కుత, చెప్పకు."

చెప్పనక్కర్లేదు అనుకుంది భాగీరథి. నింద తన మీద ఉంటే ఉండనీ. కానీ పరీక్ష ఆగిపోతే? ఇంటిల్లిపాది బట్టలూ ఉతికే చేతులకు ఏం తెలుసో ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. ఆమె కొంగుకు చేతులు తుడుచుకుని, మామా భర్తా కూర్చున్న అరుగు మీదికి వచ్చింది.

"సీసా సంగతి ఇడిసిపెట్టున్రి. మామా, పది దినాలసంది మీ ధోతికి నెత్తురు మరకలు. మీరు నీళ్లల్ల జాడించి ఏస్తున్నరు. అయినా పోతలేవు. ఉతికేది నేను."

"మామ ముంగట గవేం మాటలే, సిగ్గులేదా?" జగన్‌మోహన్ లేచాడు.

మహాదేవప్ప కోడలి ముఖంలోకి చూశాడు. కండువా భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుని, కొడుకు పిలుస్తున్నా వెనక్కి తిరగకుండా గడప దాటి హైదరాబాదు బస్సు ఆగే వైపు నడిచాడు.