ఇద్దరు అమ్మమ్మలు

చిన్నతల్లికి గుండెలో చిన్న రంధ్రం మూయించి తెచ్చాక, ఈ ఏడాది బడి వద్దు, ఇంట్లోనే చదివించండి అన్నాడు విశాఖ డాక్టరు. లెక్కలకీ తెలుగుకీ బడి పుస్తకాలున్నాయి. రెండో తరగతి పిల్లకి చరిత్ర మాత్రం ఎవరూ చెప్పరు. నేను చెబుతానన్నాను. విజయనగరంలో చదివిన నా బి.ఏ. హిస్టరీ పట్టా, పెళ్లయిన దగ్గర్నుంచీ పెట్టె అడుగున పట్టుచీరలకి కాపలా కాస్తోంది. దానికీ కాస్త గాలి తగలాలి కదా.

ఇంట్లో చదివించే తల్లుల గ్రూపులో అడిగితే మూడు రకాల నమూనా పాఠాలు పంపారు. నరసన్నపేట బజార్లో ప్రింటు తీయించాను. మొదటిది ఆదిమానవుడితో మొదలవుతుంది. రెండోదాంట్లో అందరూ రాజులే, రాజుకో మీసం, మీసానికో యుద్ధం. మూడోది పల్చటిది. అందులో మొదటి పాఠం ‘నువ్వు పుట్టిన రోజు’. ఇంట్లో పెద్దవాళ్లని అడిగి తెలుసుకో అని కింద రాసి ఉంది.

మా ఇంట్లో అడగకూడని సంగతి అదొక్కటే.

చిన్నతల్లి నా కడుపున పుట్టలేదు. నా భర్త ధనరాజ్ చెల్లెలు ఉష కూతురు. తిత్లీ తుఫాను రాత్రి ఉద్దానంలోని అత్తారింట్లో ఉషకి నొప్పులొచ్చాయి. దారంతా కొబ్బరిచెట్లు పడిపోయాయి. మంచం మీద మోసుకెళ్తుంటే మధ్యలోనే బిడ్డ పుట్టింది. బిడ్డ దక్కింది, ఉష దక్కలేదు. తండ్రి వినోద్ గుజరాత్ బోట్ల మీదికి పోయి అక్కడే మరో సంసారం పెట్టుకున్నాడు. ‘తల్లిని మింగిన గుంట’ అని గుమ్మంలో ఆడవాళ్లు ఆ పిల్లని అంటుంటే విని, మా అత్త కూర్మమ్మ పురుడు వెళ్లకుండానే పసిదాన్ని గుడ్డలో చుట్టుకుని మా ఇంటికి తెచ్చేసింది. ఆ మాట పిల్ల చెవిన పడకూడదని నన్ను అమ్మని చేసింది, తన కొడుకుని నాన్నని చేసింది. ఆ తర్వాత కూతురి పేరు ఎత్తలేదు. నాకు పిల్లల్లేరు. ఇమ్మనీ అడగలేదు, వద్దనీ అనలేదు. చేతులు చాచాను, అంతే.

“సంటిదానికి సరిత్ర సెప్తావేటే?” అంది అత్త, నా చేతిలో కాగితాలు చూసి. ముఖం పాలిపోయింది.

మా వైపు సరిత్ర అంటే రాజులది కాదు. కుళాయి దగ్గర బిందెలు తగులుకున్నప్పుడు ‘నీ సరిత్ర నాకు తెల్దేటి’ అని మొదలెడతారే, అది.

“ఆ సరిత్ర కాదత్తా. రాజులది.”

“ఆలేటి సేసినారు?”

“యుద్ధాలు చేశారు, పన్నులేశారు, పోయారు.”

“అయితే అదే సెప్పు. పోయినోళ్ల గొడవ. ఎవులికీ తగల్దు.”

ఎండుచేపల కొట్టు కట్టేసి వచ్చిన ధనరాజ్ కూడా రాజులకే ఓటేశాడు. “ఆల తరఫున అడగడానికొచ్చీవోడు ఎవుడూ లేడు, సుహాసీ” అన్నాడు నాతో.

సరే, రాజులే. మూడో నమూనా మాత్రం ఉయ్యాలబల్ల మీద మరిచిపోయాను. మరిచిపోయాననే ధనరాజ్‌కి చెప్పాను. అసలు సంగతేమిటంటే, ఆసుపత్రిలో డాక్టరు “పుట్టగానే ఏడ్చిందా అమ్మా?” అని నన్నడిగాడు. నేను అత్త వైపు చూశాను. చిన్నతల్లి నా వైపు చూసింది. ఆ చూపు నాతోపాటు ఇంటికొచ్చేసింది.

మర్నాడు మధ్యాహ్నం అత్త వసారాలో కూర్చుని ఎండురొయ్యల తలలు గిల్లుతోంది. నేను బియ్యం ఏరుతున్నాను. ఉయ్యాలబల్ల మీద చిన్నతల్లి కూడబలుక్కుంటూ చదువుతోంది.

“అమ్మ వాళ్ల అమ్మ... అమ్మమ్మ. నాన్న వాళ్ల అమ్మ... నాయనమ్మ.” ఆగింది. “అమ్మా, చీపురుపల్లి అమ్మమ్మ నీకు అమ్మ కదా?”

“అవును.”

“ఈ అమ్మమ్మ నాన్నకి అమ్మ కదా?”

బియ్యంలో నా వేళ్లు ఆగిపోయాయి.

“మరి నాకిద్దరూ అమ్మమ్మలేంటి? నాయనమ్మేది?”

ఇంట్లో అందరి వరసలూ మార్చిన మనిషి తన వరస మాత్రం మార్చుకోలేకపోయింది. పిల్లకి మాటలొచ్చేటప్పుడు ‘అమ్మమ్మ’ అనే నేర్పింది. ధనరాజ్ రెండుసార్లు దిద్దబోతే గిన్నె విసిరేసింది. కూతురి పేరు ఎత్తకుండా ఆమె దాచుకున్నది ఆ ఒక్క పిలుపే.

రాజుల కాగితాలు పిల్లకి చూపిద్దామని నేను లేవబోయాను.

“కూకో” అంది అత్త. “ఇలా రాయే, సిన్నతల్లీ.”

పిల్ల వెళ్లి పక్కన కూర్చుంది.

“నాను మీయమ్మకే అమ్మని. నిన్ను కన్నమ్మకి. దాని పేరు ఉష.”

ఏడేళ్ల తర్వాత ఆ పేరు ఆ నోట విన్నాను. ఆ తర్వాత తుఫాను చెప్పింది, మంచం చెప్పింది, చీకట్లో వినబడ్డ ఏడుపు చెప్పింది. “గాలి హోరులో కూడా ఇనబడ్డాది నీ ఏడుపు” అంది. డాక్టరుకి మేము బాకీపడ్డ జవాబు అది.

చిన్నతల్లి ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని అడిగింది. “నేను పుట్టడం వల్ల చచ్చిపోయిందా?”

దేనికి భయపడి అత్త అంత దూరం మోసుకొచ్చిందో, ఆ మాట పిల్ల నోటే వచ్చింది. ఆమె పిల్ల గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

“ఆ కొబ్బరిసెట్లన్నీ నువ్వు పడగొట్టినావేటే?”

“లేదు.”

“దారికి అడ్డంగా నువ్వు పడుకున్నావేటి?”

“లేదు.”

“మరింకేటి? ఎవులైనా నిన్నేటన్నా అంటే ఇదే అడుగు.”

మూడేళ్లు కాలేజీలో కారణాలు, ఫలితాలు అని బట్టీపట్టాను. ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

పిల్ల లేచి నా దగ్గరకొచ్చి నిలబడింది. చేతిలో ఆ కాగితం ఉంది. వరసలన్నీ దాంట్లో రాసున్నాయి కదా, ఎక్కడ తేలుతాయో నాకు తెలుసు. బియ్యం పళ్లెం మీంచి తల ఎత్తలేదు.

“నువ్వు మావయ్య భార్యవైతే... అత్తా అనాలా?”

పళ్లెం పక్కన పెట్టాను. “అనొచ్చు. కానీ అత్తా అంటే నేనూ అత్తలాగే ఉంటాను మరి. పొద్దున్నే లేపి వాకిలి ఊడ్పిస్తాను. మీ అమ్మమ్మ నాతో చేయించినట్టు.”

చిన్నతల్లి వసారా వైపు చూసింది, నా వైపు చూసింది. ఆలోచించింది. ఇంతసేపు ఆలోచించే పిల్ల కాదు.

“వద్దులే అమ్మా” అంది.

అత్త మళ్లీ రొయ్యల మీద పడింది. గిల్లిన తలల్ని మంచి గిన్నెలో, రొయ్యల్ని చెత్తలో వేస్తోంది. ఆ పూటకి దిద్దకుండా వదిలేశాను.