కత్తి చుట్టూ పాములు

గోస్లార్ ఊరి ఆసుపత్రికి నూరేళ్లు నిండాయని ప్రదర్శన పెడుతుంటే, సిస్టర్ ఎడెల్గార్డ్ తన తండ్రి బ్యాడ్జిని చేతిరుమాల్లో చుట్టుకుని తెచ్చింది. నలభై ఏళ్లు అక్కడ పనిచేసి హెడ్ నర్సుగా రిటైరైన మనిషి. ఆమె చేతికింద పనిచేసిన వాళ్లందరికీ ఆ బ్యాడ్జి కథ కంఠతా వచ్చు. ఓక్ ఆకుల దండ, మధ్యలో కిందికి దిగిన కత్తి, దాని చుట్టూ పాములు. యుద్ధంలో మా నాన్న వైద్యదళంలో ఆఫీసరు, ఆయన్ని చూసే నేను నర్సునయ్యానని కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ చెప్పేది. వినేవాళ్లకి విసుగొచ్చేది గాని ఆమెకు రాలేదు.

ప్రదర్శన పనులు చూస్తున్న టిల్మన్ గారు రిటైరైన పోస్టుమాస్టరు, చాదస్తుడు. వస్తువు కింద పెట్టే అట్ట మీద తప్పు పడకూడదని ఆమె చేత అర్జీ మీద సంతకం పెట్టించి, పాత సైనిక కాగితాలు దాచే చోటు నుంచి ఆమె తండ్రి ఆఫీసరు రికార్డు నకలు తెప్పించాడు. ఆ నవంబరు మధ్యాహ్నం అది బల్ల మీద పరుచుకుని కూర్చున్నాడు. ఆమెను చూసి లేచాడు గాని మొహంలోకి చూడలేదు.

"ఏంటండీ, నేను ఇంజక్షన్ పట్టుకొచ్చిన రోజు మొహమే పెట్టారు?" అంది ఎడెల్గార్డ్.

ఆయన నవ్వలేదు. మీ నాన్నగారు వైద్యం చదివారా అని అడిగాడు. ఆయనది విత్తనాల వ్యాపారమనీ, యుద్ధంలో చదువులు ఎవరడిగారనీ ఆమె కొట్టిపారేసింది. అప్పుడు టిల్మన్ కాగితం మీద వేలుపెట్టి, పతకాలన్నీ పొట్టి అక్షరాల్లో ఉన్న చోటు చూపించాడు. మొదటిది ధైర్యానికిచ్చే ఇనుప శిలువ, పక్కనున్న అంకె దాని తరగతి. రెండోది గాయపడ్డవాళ్లకిచ్చేది. మూడోదాని దగ్గర వేలు ఆగిపోయింది.

"ఇది వైద్యులకిచ్చేది కాదు సిస్టర్ గారూ. ముఠాల వేటకి ఇచ్చేది."

ఆపైన ఆయన మెల్లగా విడమరిచి చెప్పాడు. యుద్ధరంగం వెనక, బెలారుస్ అడవుల్లో, మన సైన్యానికి ఎదురుతిరిగిన వాళ్లని ముఠాలనేవాళ్లు. వేటాడిన రోజులు లెక్కగట్టి కంచుదో వెండిదో బంగారందో ఇచ్చేవాళ్లు. ముఠా దొరకని రోజున తగలబెట్టడానికి ఊళ్లు దొరికేవి. అవి వైద్యుల పాములు కావు, అన్నీ ఒకే పాము తలలు, తల నరికితే మళ్లీ మొలిచే గ్రీకు పురాణాల పాము. ఆ జనమంతా వాళ్ల కంటికి అలా కనిపించారు. ఆమె తండ్రిది వెండిది.

ఎందరికో చావు కబుర్లు నిలబడి చెప్పిన మనిషి కుర్చీ వెతుక్కుంది. అదే పేరున్న వేరే ఆఫీసరేమో అంది. టిల్మన్ కాగితం ఆమె వైపు తిప్పాడు. తండ్రి పుట్టిన తేదీ, తల్లి పేరు, కింద కూతురు ఒకతె అని, ఎడెల్గార్డ్ అని ఉంది.

పంతొమ్మిది వందల నలభైనాలుగులో నాన్న సెలవు మీద ఇంటికొచ్చాడు. అప్పుడు ఆమెకు ఏడేళ్లు. ఒళ్లో కూర్చుని బ్యాడ్జిని తడుముతూ, ఇవి డాక్టర్ల పాములేనా నాన్నా అని అడిగింది. ఆయన ఒకసారి అమ్మ వైపు చూసి, ఆఁ, అవే అన్నాడు. మరి ఇన్ని తలలెందుకంది.

"రోగాలు చాలా ఉంటాయి తల్లీ. అన్నిటినీ నరకాలి."

ఆ మాటనే ఆమె నలభై ఏళ్లు నర్సులకు అప్పజెప్పింది. యుద్ధమయ్యాక బ్యాడ్జి మీది కత్తి పిడి దగ్గర ఆయన నాజీల గుర్తును ఆకురాయితో అరగదీస్తుంటే, మెరుగు పెడుతున్నాడనుకుంది.

బ్యాడ్జిని ఇంటికి తీసుకుపొమ్మన్నాడు టిల్మన్. దాని బదులు మీ నర్సు టోపీ పెడదాం, ఎవరికీ ఏమీ తెలియనక్కర్లేదు అన్నాడు. మంచి మనిషి. ఆమె తలూపి, రుమాలు మూటగట్టి సంచిలో వేసుకుని బయటపడింది.

బస్టాపు ఎదురుగా మందుల షాపు. బోర్డు మీద ఎర్రటి పెద్ద అక్షరం, దాని మీద పాము. ఒకే పాము, ఒకే తల. చదువుకునే రోజుల నుంచీ రోజూ చూస్తున్నదే. తండ్రి మీద రావలసిన కోపం ముందు తన మీదే వచ్చింది. ఏడేళ్ల పిల్ల నమ్మింది, సరే. ఇరవై ఏళ్ల నర్సుకి కళ్లు లేవా? ఆయన బతికున్నన్నాళ్లూ మళ్లీ ఒక్కసారైనా ఎందుకు అడగలేదు? అడిగితే ఏం చెబుతాడోనని భయమా? అవును, భయమే. బస్సు వచ్చి ఆగింది, తలుపు తెరిచి చూసి వెళ్లిపోయింది.

తిరిగొచ్చేసరికి టిల్మన్ తాళం వేస్తున్నాడు. ఆమె అట్టముక్కా కలమూ అడిగింది. అంత తప్పదంటే నేనే ఏదో పొడిపొడిగా రాసిపెడతానన్నాడు.

"వద్దండీ. నా దస్తూరి ఆసుపత్రిలో అందరికీ తెలుసు. నేనే రాయాలి."

బ్యాడ్జిని బల్ల మీద పెట్టి, అది దేనికిచ్చిందో రాసింది, తండ్రి పూర్తి పేరు రాసింది. తర్వాత రోగి చార్టు రాసినంత స్పష్టంగా రాసింది: "ఈ తలలు రోగాలని కూతురికి చెప్పాడు. ఈ ఆసుపత్రిలో అందరికీ కూతురు చెప్పింది."